ఇంజిను మీద ముగ్గుపిండి

బెళుగుప్ప,
9 ఫిబ్రవరి 2003

తమ్ముడు ఐజాక్‌కు,

క్షేమసమాచారాలు ఆఖర్లో రాస్తాను. ముందు బండి సంగతి.

మన లారీ పొగ కక్కుతోంది, ఆయిల్ కారుతోంది. రెండూ నెల కిందట మొదలయ్యాయి. ఇప్పుడు రోజూ పొద్దున ఆయిల్ పోస్తే గాని బండి కదలడం లేదు. నిన్న బోడిగుట్టపల్లె ఎక్కుడులో వెనక వస్తున్న బస్సుకు దారి కనిపించలేదట. డ్రైవరు బస్సు ఆపి దిగివచ్చి, "ఏమప్పా నల్లప్పా, నీళ్ళు తోల్తాండావా, దోమల మందు కొడతాండావా?" అన్నాడట. మీ బావ నవ్వుతూ వచ్చి ఆ మాట నాకు చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

రెండేళ్ళుగా శెనక్కాయ పంట ఇంటికి చేరలేదని నీకు తెలుసు. ఈ బండికి ట్యాంకు ఎక్కించి నాలుగు ఊళ్ళకు తాగే నీళ్ళు తోలే పని దొరకబట్టే మేం ఇక్కడ ఉన్నాం. లేకపోతే పోయినేడు మన వీధిలో సగం మంది పోయినట్టు మేమూ బెంగుళూరు పోయి ఇటుకలు మోసేవాళ్ళం.

ఆ పనికి ఇప్పుడు ముప్పు వచ్చింది. మా ట్యాంకరు నీళ్ళు ఆయిల్ వాసన వస్తున్నాయని బోడిగుట్టపల్లె నుంచి నీళ్ళ సరఫరా ఆఫీసుకు కాగితం పోయింది. మొదటి సంతకం పై వీధి నారాయణమ్మది. ఇంజినీరు సారు నన్ను పిలిపించాడు. "మార్చి ముప్పై ఒకటిన బండి తెచ్చి చూపించమ్మా. అప్పటికీ ఇట్లే ఉంటే ఆ నాలుగు ఊళ్ళు ఇంకొకరికి ఇస్తా" అన్నాడు.

నేను నారాయణమ్మ ఇంటి ముందుకు పోయి నిలబడ్డాను. "ఏమ్మా, వాసన ఆయిల్దా, మాదా?" అని అడిగాను. ఆమె బిందె ఎత్తుకుని లోపలికి పోయింది. ఈ కరువు రాకముందు ఆ వీధిలో మన చేతి నీళ్ళు తాగినవాళ్ళు లేరు. అది నీకూ తెలుసు.

కళ్యాణదుర్గంలో లారీ మేస్త్రీకి బండి చూపించాము. ఆయన కుర్చీలోనుంచి లేవలేదు. పొగ చూసి, "ఇంజిను అయిపాయ. దించి సిలిండర్లకు బోరు కొట్టించల్ల. లేదంటే ఇనుము కింద అమ్ముకోండి" అన్నాడు. బానెట్ ఎత్తి చూడలేదు.

నువ్వొచ్చి ఒక్కసారి చూడు. రాలేకపోతే ఆ ఆయిల్ ఎక్కడినుంచి వస్తోందో, ఏం చేయాలో రాయి.

అందరం బాగున్నాం.

మీ అక్క,
రామక్క

*

హోసపేట,
15 ఫిబ్రవరి 2003

అక్కకు,

ఉత్తరం అందింది. నేను రాలేను. రిపేరుకొచ్చిన గనుల లారీలు షెడ్డు ముందు వరసకట్టి ఉన్నాయి. ఆదివారం ఆరాధనకు పోవడానికి కూడా మా యజమాని ఒప్పుకోవడం లేదు.

బండి ఎనభై రెండు మోడల్. ఇరవై ఒక్క ఏళ్ళు తిరిగింది. పొగా ఆయిలూ రెండూ కలిసి వచ్చాయంటే లోపల పిస్టన్ రింగులు అరిగిపోయి ఉంటాయి. మేస్త్రీ అన్నదాంట్లో తప్పు లేదు. ఇంజిను దించితే ఏ భాగం చూసినా మార్చాలనిపిస్తుంది. ఆ ఖర్చు పెట్టినా పాత బండి పాత బండే.

నా మాట విని అమ్మేయండి. బయ్యన్న ఇస్తానన్నది తక్కువేమీ కాదు. బావకు ఆయన ట్యాంకరు మీదే డ్రైవరు పని దొరుకుతుంది. ఈ వయసులో బావకు ఆయిల్ పోసే పని తప్పుతుంది, నీకు ఆఫీసు చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

బాగా ఆలోచించుకో.

ఐజాక్

*

బెళుగుప్ప,
20 ఫిబ్రవరి 2003

ఐజాక్‌కు,

నా ఉత్తరంలో బయ్యన్న పేరు లేదు. నీ దగ్గరే ఉంటుంది, తీసి మళ్ళీ చదువు. నేను ఉత్తరం పోస్టు చేసింది తొమ్మిదో తేదీ. బయ్యన్న మా గడప ముందుకు వచ్చింది పన్నెండో తేదీ. నేను రాయని మాట నీకెట్లా తెలిసింది?

ఆయన ఏమన్నాడో కూడా రాస్తాను, నీ దగ్గరికి వచ్చిన మాటతో సరిపోతుందేమో చూసుకో. "ఏమ్మా రామక్కా, ఆ డొక్కుతో మీకెందుకు తిప్పలు? ఇనుము లెక్కన నాకిచ్చేయండి. నల్లప్ప నా బండి తోల్తాడు" అన్నాడు. మండలంలో ఆయనకు రెండు కొత్త ట్యాంకర్లు ఉన్నాయి. మా నాలుగు ఊళ్ళు కూడా దొరికితే ఈ పక్కన నీళ్ళన్నీ ఆయన చేతిలోకే పోతాయి. "మీ బండ్లు ముసలివైనాక మీరు మాకు అమ్మండన్నా, ఇప్పుడు మాత్రం మేం అమ్మం" అన్నాను. మీ బావ దగ్గొచ్చినట్టు తల తిప్పుకున్నాడు.

బండి అమ్మాలా వద్దా అని నేను నిన్ను అడగలేదు. ఆయిల్ ఎక్కడినుంచి వస్తోందని అడిగాను. తొమ్మిదేళ్ళుగా లారీల కింద పడుకుంటున్నావు. ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే రాయి. తెలియకపోతే తెలియదని రాయి. బయ్యన్న మాటలు మాత్రం పోస్టులో పంపొద్దు, అవి వినాలంటే ఆయన ఇల్లు మాకు నడిచేంత దూరంలోనే ఉంది.

రామక్క

*

హోసపేట,
26 ఫిబ్రవరి 2003

అక్కకు,

బయ్యన్న కొడుకు సందీప్ పదమూడో తేదీ ఇక్కడికి వచ్చాడు. మోటారుసైకిల్ షెడ్డు లోపలికే తెచ్చి, నన్ను "అన్నా" అని పిలిచాడు. వాళ్ళింట్లోవాళ్ళు ఎవరూ ఇంతకుముందు నన్ను అట్లా పిలవలేదు. కళ్యాణదుర్గం రోడ్డులో వాళ్ళ స్థలం ఉందట. అక్కడ నాకు షెడ్డు వేయించి ఇస్తారట. "మీ అక్క నీ మాట వింటాది. బండి అమ్మమని ఒక మాట రాయి, సాలు" అన్నాడు.

తొమ్మిదేళ్ళుగా ఇంకొకరి రేకుల కింద ఉన్నాను. బోర్డు మీద నా పేరు ఏ రంగులో రాయించాలో కూడా అనుకున్నాను. ఆ తర్వాతే నీకు ఉత్తరం రాశాను. అది తప్పు. సందీప్‌కు కుదరదని కబురు పంపాను. ఇంతకు మించి దీని మీద నేను చెప్పేదేమీ లేదు. ఇంక ఇంజిను.

పొగ రంగు నువ్వు రాయలేదు. నల్లగా ఉంటే డీజిలు సరిగా కాలడం లేదు. తెల్లగా ఉండి, బండి వేడెక్కినా పోకపోతే, నీళ్ళు లోపలికి దిగుతున్నట్టు. నీలంగా ఉంటే ఆయిల్ కాలుతోంది. రంగు ఒక్కటే చాలదు, ఎప్పుడు వస్తుందో కూడా కావాలి. పొద్దున స్టార్టు చేయగానే ఒక్కసారి వచ్చి ఆగుతుందా, దిగుడులో ఆక్సిలరేటరు మీంచి కాలు తీసి మళ్ళీ తొక్కినప్పుడు వస్తుందా, ఎక్కుడులో బరువు లాగేటప్పుడు వస్తుందా? బావను బండి నడపమను. నువ్వు రోడ్డు పక్కన నిలబడి చూడు. బండిలో కూర్చున్నవాడికి పొగ సంగతి తెలియదు.

కారడం గురించి ఒక మాట గుర్తుపెట్టుకో. చుక్క పడినచోట జబ్బు ఉండదు. ఆయిల్ పైనుంచి కిందికి జారుతుంది, బండి పోతుంటే గాలికి వెనక్కి కొట్టుకుపోతుంది. అందుకని ఇంజినంతా కిరసనాయిలుతో కడిగి, తుడిచి, ఒకపూట ఆరబెట్టు. ఆరినాక దాని మీద ముగ్గుపిండి పలచగా చల్లు. గాలి ఫిల్టరు మూతా, ఆయిల్ పోసే మూతా గట్టిగా బిగించి ఉండాలి, పిండి లోపలికి పోకూడదు. తర్వాత బండి నిలబెట్టే పది నిమిషాలు ఇంజిను నడిపించు. ఫ్యాను గాలికి సగం పిండి ఎగిరిపోతుంది, పోనీ. తడి ఎక్కడ పుడితే అక్కడ పిండి నల్లబడుతుంది. అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు నల్లబడిన చోటు ఏదో చూసి రాయి.

ఎవరైనా చిక్కటి ఆయిల్ పోస్తే పొగ తగ్గుతుందంటే వినొద్దు. పాత బండి అమ్మేవాళ్ళు చేసే పని అది.

ఐజాక్

*

బెళుగుప్ప,
6 మార్చి 2003

ఐజాక్‌కు,

పొగ నీలం. పొద్దున కాస్త వస్తుంది. ఎక్కుడులో మాత్రం ఆగకుండా వస్తుంది. బోడిగుట్టపల్లె మలుపులో రాయి మీద కూర్చుని మూడు ట్రిప్పులు చూశాను. దారిన పోయేవాళ్ళు, "ఏమక్కా, బస్సు కోసమా?" అని అడిగారు. మా బండి పొగ కోసమని చెప్పాను. ఒకాయన నిలబడి నాతో పాటు చూశాడు.

ఇంక ముగ్గుపిండి. మనింట్లో ముగ్గుపిండి ఎందుకుంటుంది? పక్కింటి ఆదెన్న పెళ్ళాన్ని అడిగాను. ఇచ్చింది, ఇచ్చి వెనకే వచ్చింది. నేను బానెట్ ఎత్తి ఇంజిను మీద చల్లుతుంటే వీధంతా పోగయ్యింది. "ఏమే రామక్కా, గుడి మానేసినోళ్ళు ఇంజినుకు పండగ చేస్తాండారే!" అని ఆమె. "చుక్కలెన్ని పెట్టల్లో కనుక్కున్యావా?" అని ఆదెన్న. మీ బావ మాత్రం, "పెట్టకుండానే అది శానా చుక్కలు పెడతాండాదిలే" అన్నాడు.

పది నిమిషాలు నడిపించాము. నువ్వు పైన మొదలైన చోటు రాయమన్నావు. ఒక చోటైతే రాసేదాన్ని. పైన ట్యాపెట్ కవరు చుట్టూ నల్లబడింది. ముందు పుల్లీ వెనక నల్లబడింది. పక్కన మూతల దగ్గర, కింద ఆయిల్ ఛాంబరు అంచున, వెనక గేరు బాక్సు కలిసేచోట, అన్నిచోట్లా ఇంచుమించు ఒకేసారి. కళ్యాణదుర్గం మేస్త్రీ చెప్పిందే నిజమనుకున్నాను.

ఇంకొకటి. ఆయిల్ ఎంత ఉందో చూసే గేజి పుల్లను నేను చేత్తో గట్టిగా నొక్కి పెట్టాను. బండి నడుస్తుండగానే అది వేలెడంత పైకి లేచింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ లేచింది. మీ బావ అది వదులైందన్నాడు. కాదు, అది బిగువుగానే ఉంది. లోపలినుంచి ఏదో దాన్ని తోస్తోంది.

ఇంకో మాట కూడా రాయాలి. బండి కింద దూరి చూస్తే, ఆయిల్ వెనక్కి కొట్టుకుపోయి ట్యాంకు కింద పట్టీలంతటా అంటుకుని ఉంది. మేం నీళ్ళ పైపు చుట్టి తగిలించేది అక్కడే. పైపు మూతి వాసన చూశాను. ఆయిల్ వాసనే. నారాయణమ్మ రాసింది అబద్ధం కాదు. పైపును సోడాతో కడిగి, ట్యాంకు మీదికి మార్చాను. ఆమెను అడిగిన మాట ఊరికే అడగలేదు, కానీ ఈ ఒక్క విషయంలో నేను ముందు చూసి తర్వాత అడగాల్సింది.

ఇంక ఇరవై ఐదు రోజులున్నాయి.

రామక్క

*

హోసపేట,
11 మార్చి 2003

అక్కా,

గేజి పుల్ల గురించి చదివి, ఉత్తరం చేతిలో పట్టుకునే షెడ్డంతా తిరిగాను.

ఇట్లా ఆలోచించు. ఒక బండికి ఆయిల్ బయటికి రాకుండా ఆపే ముందు సీలు, వెనక సీలు, పైన ప్యాకింగు, కింద ప్యాకింగు అన్నీ ఒకే నెలలో చెడిపోవు. ఒకటి పోతుంది, ఆరు నెలలకు ఇంకొకటి పోతుంది. అన్నీ ఒకేసారి కారుతున్నాయంటే లోపల గాలి నిండి బయటికి దారి లేక దొరికిన ప్రతి సందులోనుంచీ ఆయిలును తోస్తోంది. పుల్లను లేపుతోంది అదే. ఎక్కుడులో బరువు లాగేటప్పుడు ఆ గాలి ఇంకా ఎక్కువవుతుంది, ఆయిలును కాలే చోటికి కూడా తోస్తుంది. అదే నీ నీలం పొగ. రింగులు అరిగినా ఇట్లా కావచ్చు. కానీ ఇంజిను దించేముందు చూడాల్సింది ఒకటుంది.

ఆ గాలి బయటికి పోవడానికి ప్రతి ఇంజినుకూ ఒక గొట్టం ఉంటుంది. బ్రీదర్ పైపు అంటాం. మన బండికి ఇంజిను పక్కనుంచి వంగి కిందికి వేలాడుతూ ఉంటుంది, బొటనవేలంత లావు. చివర ఏ మూతా ఉండదు, ఉండకూడదు. దాని మూతి దగ్గర ఏముందో చూడు. మట్టి కావచ్చు, కందిరీగ గూడు కావచ్చు. ఏదున్నా తీసి, పైపు ఊడదీసి కడుగు.

తర్వాత బండి స్టార్టు చేసి, ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీదే దాన్ని బోర్లా ఊరికే పెట్టు. రింగులు పోయి ఉంటే అది ఎగిరెగిరి పడుతుంది. నిలబడితే ఇంజిను బతికే ఉంది. మూత దగ్గర మొహం పెట్టొద్దు, ఆయిల్ చిమ్ముతుంది.

వెంటనే రాయి. కార్డు ముక్క అయినా చాలు.

ఐజాక్

*

బెళుగుప్ప,
15 మార్చి 2003

ఐజాక్‌కు,

పైపు మూతికి గుడ్డ కట్టి ఉంది. మూడు మడతలు, మీద రెండు ముడులు. ఆయిలూ దుమ్మూ కలిసి తారులా గట్టిపడింది. కత్తితో కోసి తీశాము. తీయగానే లోపలినుంచి బుస్సుమంది. మీ బావ రెండడుగులు వెనక్కి వేశాడు. ఎవరు కట్టారో ఏమో.

మూత బోర్లా పెట్టాము. సన్నగా అదిరింది, ఎగరలేదు. నేను ఇరవై వరకు లెక్కపెట్టాను, ఉన్నచోటే ఉంది.

మళ్ళీ కడిగి ముగ్గుపిండి చల్లాము. ఈసారి వీధి వీధంతా ముందే వచ్చి నిలబడింది. పైన పొడి. ముందు పొడి. పక్కల పొడి. వెనక గేరు బాక్సు కలిసేచోట మాత్రం నల్ల గీత దిగింది. దాని కింద అట్ట పెట్టి చూస్తే గంటకు నాలుగు చుక్కలు. పొద్దున స్టార్టులో నీలం పొగ ఒక్కసారి వచ్చి ఆగిపోతోంది. ఎక్కుడులో లేదు. రాయి మీద కూర్చుని రెండు ట్రిప్పులు చూశాను.

ఈ రెండూ ఏమిటో రాయి.

రామక్క

*

హోసపేట,
20 మార్చి 2003

అక్కా,

పొద్దున పొగ వాల్వు గైడ్లు అరిగినందువల్ల. రాత్రంతా బండి నిలబడితే ఒకటి రెండు చుక్కలు వాటి సందులోనుంచి లోపలికి దిగుతాయి, స్టార్టులో కాలిపోతాయి. ఈ వయసు బండికి అది మామూలే. వెనక కారేది మాత్రం నిజమైన జబ్బు. ఆ సీలు మీద ఇన్నాళ్ళు గాలి తోసి తోసి అది చెడింది. మార్చాలంటే గేరు బాక్సు దించాలి, మూడు రోజుల పని. వానలు పడి మీ ట్రిప్పులు ఆగాక చేసుకోవచ్చు. అంతవరకు ఆయిల్ చూసుకుంటూ నడపండి.

ఇంజినీరుకు బండి చూపించే రోజు కింద తుడిచి దాచొద్దు. గంటకు నాలుగు చుక్కలని మీరే చెప్పండి. తెలిసి చెప్పిన జబ్బుకు ఒక పేరుంటుంది. దాచింది బయటపడితే బండి మొత్తం చెడ్డదవుతుంది.

గుడ్డ గురించి ఒక మాట. బండ్లకు గుడ్డ కట్టే మగవాళ్ళను చాలామందిని చూశాను. చుట్టచుట్టి కుక్కుతారు. మూడు మడతలు పెట్టి రెండు ముడులు వేయరు. నేను అడగడం లేదు.

సందీప్ మళ్ళీ వచ్చాడు. ఈసారి అన్నా అనలేదు. "మీ అక్క బండికి నువ్వే గద ఈడ నుంచి వైద్యం చేసేది?" అన్నాడు. "నేను కాదు, అక్కే. నేను చదివి చెప్తాండా, అంతే" అన్నాను.

ఐజాక్

*

బెళుగుప్ప,
3 ఏప్రిల్ 2003

తమ్ముడు ఐజాక్‌కు,

ముప్పై ఒకటిన ట్యాంకు నిండా నీళ్ళతో బోడిగుట్టపల్లె ఎక్కుడు ఎక్కించమన్నాడు ఇంజినీరు సారు. జీపులో వెనకే వచ్చాడు. బయ్యన్న తన కొత్త ట్యాంకరుతో పైన కాచుకుని ఉన్నాడు. ఊరు కూడా వచ్చింది.

మీ బావ బండి ఎక్కించాడు. పొగ లేదు. సారు జీపు దిగి బండి వెనక్కి పోయి మళ్ళీ చూశాడు. లేదు. అప్పుడు బయ్యన్న వంగి, "సార్, ఈడ సూడండి, కారుతాండాది" అన్నాడు.

"కారుతాది సార్" అన్నాను నేను. "గంటకు నాలుగు చుక్కలు. వెనక సీలు. మార్చల్లంటే మూడు దినాలు బండి నిలబడల్ల. ఆ మూడు దినాలు ఊరు నీళ్ళు లేకుండా ఉంటాదంటే రేపే నిలబెడతాం."

సారు బయ్యన్న బండి కింద కూడా చూశాడు. అది పొడిగా ఉంది. కొత్త బండి, పొడిగానే ఉంటుంది. ఆ మాట కూడా నేనే అన్నాను.

తర్వాత నారాయణమ్మను పిలిచి పైపు వాసన చూడమన్నాడు. ఆమె చూసి, "ఇప్పుడు లేదు. అప్పుడు మాత్రం ఉన్నింది" అంది. "ఉన్నింది సార్. ఆయమ్మ చెప్పింది నిజమే" అన్నాను. ఎందువల్ల అని సారు అడిగాడు. అక్కడ యాభై మంది ఉన్నారు. చెప్పాను. డిసెంబరులో దుమ్ము గాలి లేచినప్పుడు, నోరు తెరుచుకుని వేలాడుతున్న ఆ గొట్టంలో మట్టి పోతుందనుకున్నాను. మనం ఏ నీళ్ళు పట్టినా బిందె మూతికి గుడ్డ కట్టే పడతాం కదా, అట్లాగే నా పాత చీర చింపి కట్టాను. మీ బావకు కూడా చెప్పలేదు. నీకు రాసిన ఉత్తరంలో ఎవరో ఏమో అన్నాను. అది నేనే.

బయ్యన్న పగలబడి నవ్వాడు. "సూడండి సార్, ఆడోళ్ళు బండ్లు బాగుచేస్తే ఇట్లే అయ్యేది!"

"కట్టిందీ నేనే, కనుక్కునిందీ నేనే" అన్నాను. "దీన్ని ఇనుము లెక్కన అడిగింది మీరు."

ఆయన నవ్వు ఆగింది. ఊళ్ళో నవ్వు మొదలైంది. సారు జీపు బానెట్ మీద కాగితం పెట్టి వానలు పడేవరకు ఆ నాలుగు ఊళ్ళు మాకే అని రాసి సంతకం చేశాడు. బయ్యన్న పోతూ పోతూ, "ఈ ఒక్క ఏడే లేమ్మా" అన్నాడు. "వచ్చే ఏడు కూడా రాండన్నా, సూపిస్తాం" అన్నాను.

సీలు పని నువ్వొచ్చి చెయ్యి. సందీప్ ఇస్తానన్న ఆ షెడ్డు మాట నేను ఎత్తను.

ఇంకొకటి నిన్న జరిగింది. ఇన్నాళ్ళూ బోడిగుట్టపల్లెలో మా బండి ముందు పై వీధిలో ఆగేది. వాళ్ళ బిందెలన్నీ నిండాక మిగిలింది మనవాళ్ళు ఉండే కాలనీకి. ఈ ఏర్పాటు ఎవరు పెట్టారో తెలియదు, మేమూ అడగలేదు. నిన్న మీ బావతో చెప్పి బండి బడి ముందు ఆపించాను. రెండు వీధులకూ అది సమాన దూరం. ముందు వచ్చినవాళ్ళు ముందు అన్నాను.

నారాయణమ్మ వచ్చింది. "ఈడ యాల ఆపినావు? పైకి తీసకరా" అంది. ఇంక ఈడే ఆగుతుందని చెప్పాను. పైపు నా చేతిలో ఉంది. ఆమె నన్ను చూసింది, వరసను చూసింది. తిరిగి ఇంటికి పోయింది. ఇంక రాదనుకున్నాను.

రెండు బిందెలు తీసుకుని వచ్చింది. కాలనీ కదిరప్ప వెనక నిలబడింది. పన్నెండో మనిషి. ఎండలో నిలబడి వంతు వచ్చేదాకా కదల్లేదు. వంతు వచ్చాక వంగి పైపు మూతి వాసన చూసింది. చూడనిచ్చాను. తర్వాత బిందె పెట్టింది. నింపాను.

మీ అక్క,
రామక్క